మృదంగం మీద రవ్వముద్ద

నర్సీపట్నంలో టీచర్లూ గుమస్తాలూ కలిసి పెట్టిన వేసవి సంగీత కచేరీని ఏడేళ్ల వయసులో కాపాడింది నేనే. తడిపిన రవ్వ వాసన తగిలితే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది.

ఆ రోజు మా మావయ్యకి మొదటి కచేరీ. ఆయన మృదంగం ఎడమవైపు ఎవరో ఉప్మా కొట్టారనుకుని, పరువు పోతుందని శుభ్రంగా గీకేశాను.

కాపాడానన్నది కాస్త ఎక్కువే లెండి. మృదంగానికి ఆ గుమ్మనే మోత రవ్వముద్ద వల్లే వస్తుందట. మావయ్య వాయిస్తే రేకుడబ్బాలా మోగింది. మళ్లీ రవ్వ తడిపేదాకా కచేరీ ఆగిపోయింది.

"ఎవులు గీకీసినారు?" అన్నాడు మావయ్య. నేను ధైర్యంగా లేచి ఒప్పుకున్నాను.

ఇంతవరకూ చదివి మా అక్క కాగితం పక్కన పెట్టింది.

"ఒప్పుకున్నావేటి? నావేపు వేలు సూపించీసినావు. ఆ సెలవులన్నీ మావయ్య నాతో మాటాడనేదు."