అందరి పేరిటా ఒక ఇండెక్స్

జమున సేవ్ బటన్ నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. కిటికీ అవతల నిలబడ్డ ముసలామె తన వెనకాలి వాళ్లకు వినపడేలా అంది: "గీ బిడ్డ నా చీటీ ఇచ్చేలోపల్నే నా జరం తగ్గేటట్టున్నది."

లైన్లో అందరూ నవ్వారు. జమున నవ్వలేదు. అప్పటికే ఆమె వెనక, ఆసుపత్రి పరిపాలన చూసే ఏఓ రాంచందర్ వచ్చి నిలబడ్డాడు.

మంచిర్యాల దగ్గరి ఆ ట్రస్టు ఆసుపత్రికి వానాకాలం వచ్చిందంటే చాలు, శ్రీరాంపూర్ నుంచి, లక్సెట్టిపేట నుంచి జ్వరాలు ఆటోల్లో దిగుతాయి. ఓపీ చీటీ లేనిదే ఏ డాక్టరూ చూడడు. చీటీ ఇచ్చేది జమున. చాలా ఏళ్లుగా ఆ కుర్చీ ఆమెదే. కాంట్రాక్టు ఉద్యోగం. మొన్నటిదాకా లైను మెట్ల దగ్గర ఆగేది. ఇప్పుడు బైకుల షెడ్డు దాటి వానలోకి పోతోంది.

"జమునా, సోమవారం జూస్త," అన్నాడు రాంచందర్. "లైను గిట్లనే ఉన్నదనుకో, మంగళవారం సంది గీ సీట్ల వేరే మనిషి కూసుంటడు. మల్ల నన్ను అనొద్దు."

"నా చేతుల ఏమున్నది సార్? నేను కొట్టుడు ఎప్పుడో అయిపోయింది."

"అందరు గట్లనే అంటరు."

ఆసుపత్రి కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసేది ఓంప్రకాశ్. సిరిసిల్ల నేతకుటుంబం. తండ్రి సిద్దిరాములు ఇప్పటికీ ఇంకొకరి సాంచాల మీదనే, అంటే మరమగ్గాల మీదనే పనిచేస్తాడు. వాటి యజమాని అయిన ఆసామి ఆదివారం రమ్మన్నా పోయేవాడు, పండుగనాడు రమ్మన్నా పోయేవాడు. కాదన్న నాడు పని ఉండదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కొడుకు ఎంసీఏ చదివి ఏసీ గదిలో కూర్చున్నాడు కానీ, ఆ అలవాటు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. అడిగినవాళ్లకు లేదనడం అతనికి రాదు.

ఆసుపత్రిలో అడిగేవాళ్లకు కొదవ లేదు. జ్వరాలను మండలాల వారీగా చూపించమని సూపరింటెండెంట్ శ్యాంసుందర్ అడిగారు. కాన్పులను వయసుల వారీగా చూపమని ఇంకో డాక్టరు అడిగారు. ఏ ఊరి నుంచి ఎందరు వస్తున్నారో రాంచందర్‌కు కావాలి. రోగుల వివరాలన్నీ వచ్చిన వరుసలో ఒకే పెద్ద పట్టికలో పడి ఉంటాయి. లక్సెట్టిపేట మండలం వాళ్లను ఏరాలంటే కంప్యూటరు ఆ పట్టికను మొదటి నుంచి చివరి దాకా చదవాలి. డాక్టరు టీ తాగి వచ్చినా రిపోర్టు రాదు. అదే మండలాల వారీగా ఒక ఇండెక్స్ ముందే తయారుచేసి పెడితే, ఎక్కడ ఉన్నారో అది చూపిస్తుంది, రిపోర్టు వెంటనే వస్తుంది. ఓంప్రకాశ్ ఎవరేది అడిగితే దానికో ఇండెక్స్ తయారుచేశాడు. తర్వాత గుర్తుండాలని ప్రతిదానికీ అడిగినవాళ్ల పేరే పెట్టాడు. డాక్టర్లు మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లు ఇంకోటి అడిగారు.

రాంచందర్ బెదిరించిపోయాక ఓంప్రకాశ్ కౌంటర్లోకి వచ్చాడు. ముందు కేబుల్ మార్చాడు. తర్వాత కంప్యూటరే మార్చాడు. చక్రం తిరుగుతూనే ఉంది.

"తమ్మీ, ఇగ నన్ను మార్చుడొక్కటే మిగిలింది," అంది జమున.

"గట్ల మాట్లాడకక్కా. నెట్టు ప్రాబ్లమ్ కావచ్చు."

"గదే నెట్టు మీద పాత పేషెంటు పేరు కొడ్తె వెంటనే వస్తున్నది. జూడు." నిజంగానే వచ్చింది. "వెతుకుడు మస్తు జల్ది. కొత్తోళ్లను ఎక్కిచ్చుడు దగ్గర్నే సతాయిస్తున్నది."

ఓంప్రకాశ్ లేచాడు. తన గదికి పోయి ఆ పట్టిక మీద ఉన్న ఇండెక్సులన్నీ తెర మీదికి తెచ్చుకున్నాడు. పెళ్లి పత్రిక కింద బంధువుల పేర్లలా వరుసగా కనిపించాయి. శ్యాంసుందర్ పేరుతో నాలుగు, రాంచందర్ పేరుతో మూడు. ఉద్యోగం మానేసి కరీంనగర్ వెళ్లిపోయిన పిల్లల డాక్టరు పేరుతో కూడా ఒకటి ఉంది.

చదువుకున్న రోజుల్లో పరీక్షలో రాసిన సంగతే అది. ఇండెక్స్ ఉంటే వెతకడం సులువవుతుంది, కానీ కొత్త మనిషి చేరిన ప్రతిసారీ ఆ వివరం ప్రతి ఇండెక్సులోనూ దాని చోటు వెతుక్కుని చేరాలి. ఒకటి రెండు అయితే తెలియదు. ఇన్ని అయ్యేసరికి ఆసుపత్రి పాత సర్వర్ మెమరీలో పట్టడం లేదు. జమున ఒక్కసారి సేవ్ నొక్కితే అది పాతికచోట్ల రాసుకుంటోంది. డాక్టర్ల గదుల్లో మిగిలిన సమయమంతా కౌంటర్ దగ్గర ఖర్చవుతోంది.

అతను పట్టికకు ఒక నకలు తీసి, అందులో ఇండెక్సులు తీసేసి చూశాడు. కొత్త పేరు ఎక్కించి నొక్కగానే చేరిపోయింది. చక్రం తిరగనే లేదు.

కారణం దొరికింది. ఇక ఏది ఉంచాలి, ఏది తీయాలి? ఏ ఇండెక్సును ఎన్నిసార్లు వాడిందో డేటాబేసే లెక్క పెట్టుకుంటుంది. సగానికి పైగా అడిగిన వారం తప్ప మళ్లీ ఎవరూ ముట్టనివే. వాటిని తీసేశాడు. ఒకే సమాచారాన్ని ముందువెనకలుగా పెట్టినవి కొన్ని ఉంటే, తేదీ ముందు, విభాగం తర్వాత ఉండేలా ఒకటే చేశాడు. జ్వరాల ఇండెక్స్ రోజూ వాడేదే కాబట్టి ఉంచాడు. మిగతా రిపోర్టుల కోసం రోజూ ఓపీ ముగిశాక పట్టికకు వేరే నకలు తయారయ్యేలా పెట్టాడు. ఎవరేం అడిగినా ఇక అందులోంచే. కాకపోతే అందులో నిన్నటి దాకానే ఉంటుంది. శనివారం సాయంత్రం కౌంటర్ మూశాక పనంతా పూర్తిచేశాడు. ఎవరికీ చెప్పలేదు.

సోమవారం వాన పడుతూనే ఉంది. లైను బైకుల షెడ్డు దాకా పెరిగింది. జమున మొదటి పేరు కొట్టి, నొక్కి, అలవాటుగా చేతులు ఒళ్లో పెట్టుకోబోయేలోపే చీటీ బయటికొచ్చింది. ఆమె ఆ చీటీని తిప్పి చూసింది. తర్వాత ఇక చేతులు ఒళ్లోకి పోలేదు. లైను షెడ్డు నుంచి మెట్లకు, మెట్ల నుంచి వరండాకు వచ్చింది. తడిసిన గొడుగులు మూసి మూలన పెట్టారు.

పదకొండింటికి రాంచందర్ దిగాడు, వెనకాలే శ్యాంసుందర్ కూడా. ఓంప్రకాశ్ అప్పటికే కౌంటర్ గదిలో ఉన్నాడు.

"జూసిన్రా సార్," అన్నాడు రాంచందర్ నవ్వుతూ. "జర బెదిరిస్తే మనిషి ఎట్ల ఉర్కుతదో. ఇన్ని దినాలు నకరాలు చేసింది."

జమున తల ఎత్తలేదు. టైపు చేస్తూనే ఉంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఊరుకుంటే గొడవే లేదు. లైను తగ్గింది, కుర్చీ మిగిలింది. కానీ ఓంప్రకాశ్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"బెదిరిచ్చుడుతోని కాలే సార్. తప్పు నాది. మీరందరు అడిగినప్పుడల్ల నేను ఇండెక్సులు పెట్టుకుంట పోయిన. గందుకే అక్క దగ్గర ఆగుతుండె. శనివారం తీసేసిన."

"తీసేసినవా?" రాంచందర్ నవ్వు ఆగింది. "నావి గూడనా?"

"మీవి మూడు తీసేసిన సార్."

"ఊళ్ల రిపోర్టు నాకు ఇప్పుడు కావాలె మరి. మీటింగున్నది."

ఆ గదిలో ఓంప్రకాశ్ ఎన్నడూ అనని మాట అది. "ఇయ్యాల్టిది రాదు సార్. నిన్నటి దాకది ఇస్త. ఇయ్యాల్టిది రేపు పొద్దుగాల ఇస్త."

రాంచందర్ శ్యాంసుందర్ వైపు చూశాడు. శ్యాంసుందర్ వరండా వైపు చూస్తున్నారు. అక్కడ బెంచీ మీద ఖాళీ కనిపిస్తోంది.

"నిన్నటిది సాలదా రాంచందర్?" అన్నారు. "ఏ ఊరోళ్లు ఒక్క పూటల మారిపోరు గద. గా వేరే మనిషికి ఫోన్ చేసి వద్దని చెప్పు."

రాంచందర్ ఫోను తీసి బయటికి నడిచాడు. ఓంప్రకాశ్ కిటికీ పక్కన స్టూలు మీద కూలబడ్డాడు. తనను ఎవరూ ఏమీ అనలేదని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

"గా మాట శనివారం నాడే చెప్తే ఏమాయె తమ్మీ?" అంది జమున తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా. "రెండు రోజుల సంది నాకు బువ్వ సయించలే."

"భయమైందక్కా."

"నీకా భయం? మంచిగనే ఉన్నది." ఆమె ఈసారి నవ్వింది. చీటీ కిటికీలోంచి అందించి, వరండా వైపు గొంతు పెంచింది. "రాండ్రి, ఎవరున్నరు ఇగ? ఎవ్వరు లేరా?"