శారదాంబ మేడంగారి నాలుక

శారదాంబ మేడంగారు కనిపించిన ప్రతి చెట్టు జిగురూ నాకి చూస్తారు. అమలాపురంలో మా డిగ్రీ కాలేజీలో ఆవిడ కెమిస్ట్రీ లెక్చరరు. నేను కృపావతిని, ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగిని.

ముమ్మిడివరం వెళ్ళే ఆటోలో ఇరుక్కుని కూర్చున్నవాళ్ళమల్లా ఆగిపోవాల్సిందే. ఆవిడ దిగి, తలలోంచి పిన్ను తీసి, మునగచెట్టు గీకి, నాలిక్కి రాసుకుని, కళ్ళు మూసుకుని, "ఆయ్, మునగే" అనేవారు. మునగచెట్టుకి మునగ జిగురు కాక మరేం వస్తుందండీ? ఆటోవాళ్ళు మేడంగార్ని చూస్తే స్పీడు పెంచేవారు. నేనైతే స్టాఫ్‌రూములో ఆవిడలా నాలుక చాపి అందర్నీ నవ్వించేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆ జిగురంతా సెలీనియం కోసం. ఆ ఖనిజాన్ని కంటికి ఆననంత చిన్న నలుసులుగా చేస్తే నీళ్ళు ఎర్రబడతాయి. నలుసులు ముద్దకట్టకుండా విడివిడిగా ఉంచేది జిగురు. అలా ఉంటే ఒంటికి మేలు చేస్తాయేమోనని ఆవిడ ఆశ. ఎవరైనా గుక్కెడు తాగుతామంటే మాత్రం సీసా లాగేసుకునేవారు. ఇంకా రుజువవ్వలేదండి, కావాలంటే జిగురు నాకండి అనేవారు.

ఓసారి, యూనివర్సిటీ వాళ్ళు ఆ ఎర్రనీళ్ళు చూడ్డానికి వస్తున్నారు, నచ్చితే వాళ్ళ పెద్ద ల్యాబులో పని చేసుకోనిస్తారు అని చెప్పి, తుమ్మజిగురు తెచ్చి నానబెట్టమన్నారు నన్ను. తుమ్మముళ్ళకి జడిసి బద్ధకించేను. స్టేషనరీ షాపులో కవర్లు అంటించే గమ్ము కొని నీళ్ళలో కలిపేసేను. జిగురు జిగురే కదా అనుకున్నాను.

వాళ్ళొచ్చిన రోజున అందరి ముందూ నీళ్ళు చక్కగా ఎర్రబడ్డాయి. అయిదు నిమిషాల్లో ఆ ఎరుపంతా ముద్దకట్టి అడుక్కి దిగిపోయింది. ప్రిన్సిపాల్ కేశవరావుగారు మొహం మాడ్చుకుని జిగురు గిన్నె ఆవిడ ముందుకి జరిపేరు.

"మీరు నాకితే తెలిసిపోతుంది కదండీ. ఇదేం జిగురో చెప్పండి."

నా కాంట్రాక్టు కాగితం ఆ వారమే ఆయన సంతకానికి వెళ్ళాలి. మేడంగారు గిన్నె వైపు చూసేరు, నా వైపు చూసేరు.

"జలుబండి, రుచి తెలీడంలేదు. పాళ్ళు నేనే తప్పేను" అన్నారు.

వచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళిపోయేరు. ఆ గిన్నె నన్ను ముట్టుకోనివ్వకుండా, ఓ వేలు అందులో ముంచి చూసి, ఆవిడే కడుక్కున్నారు.

మర్నాడు నిజం చెప్పేద్దామని వాళ్ళింటికి వెళ్ళేను. చెప్పబోతే ఏడుపొచ్చింది. ఆవిడ ఒక ఉత్తరం చదువుకోమని ఇచ్చేరు. నన్ను ఉద్యోగంలో కొనసాగించమని ప్రిన్సిపాల్‌గారికి రాసింది. మళ్ళీ తీసుకుని కవర్లో పెట్టి, అంటించడానికి అంచుని నాలిక్కి రాసి, అలవాటుగా కళ్ళు మూసుకున్నారు.

"ఆయ్, నిన్నటిదే."

భూమిలోకి కుంగిపోయేను. "జలుబు తగ్గిందాండీ?" అని మాత్రం అడగగలిగేను.

"తగ్గిందమ్మా. యూనివర్సిటీ వాళ్ళని బతిమాలి వచ్చే నెలకి ఒప్పించేను. ఈసారి తుమ్మ దగ్గరికే వెళ్ళు" అని, తలలోంచి పిన్ను తీసి నా చేతిలో పెట్టేరు. "తెచ్చేముందు నాకి చూడు."