మలావి కోడి

లక్సెట్టిపేటలో నాట్లకూ కలుపుకూ కూలికి పోయే మగ్దలేనమ్మ, ఆఫ్రికాలోని మలావి దేశంలో ఒక బడికి గాలివానకు కప్పు ఎగిరిపోయిందని చర్చిలో విని, కోతపండుగ కానుకగా తనకున్న ఒక్క కోడిపెట్టనూ ఇచ్చేసింది. ఆనవాయితీ ప్రకారం దాన్ని వేలం వేశారు. పాడుకున్న ఫిలిప్ డబ్బు కట్టి, "దేవుని కోడిని నేనెట్ల తింట?" అని తిరిగిచ్చేశాడు. మళ్లీ వేలం. తర్వాత పాడినవాడికీ అదే భయం. తొమ్మిదో పాటకు పెట్టకే విసుగొచ్చి బల్ల మీద గుడ్డు పెట్టింది. దాన్నీ వేలం వేశారు. చివరికి కోడి మళ్లీ మగ్దలేనమ్మ చంకలోనే ఇల్లు చేరింది. అల్లుడొచ్చినా ఆమె కత్తి ముట్టలేదు.

"బడిపిల్లల కోడి బిడ్డా గది. ఇయ్యాల పప్పే."

బడికి రేకులు పడ్డాయి. పాస్టరు యెషయా ఈ వేలం సంగతంతా పూసగుచ్చినట్టు అక్కడికి రాశాడు. ఆర్నెల్లకు జవాబూ, దాంతో కొంత డబ్బూ వచ్చాయి. ఆదివారం పాస్టరు చదివాడు: "ఊరంతా కలిసి ఒక్క కోడినే తొమ్మిదిసార్లు కొనుక్కునేంత కరువులో ఉన్నారని మా పిల్లలు ఏడ్చారు. చందాలేసుకుని పంపుతున్నాం. ఇంకో కోడి కొనుక్కోండి."

మగ్దలేనమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గా కోడిని గూడ పాటకు పెడ్దాం అయ్యగారూ. పాపం, గాళ్ల బడికి గోడలు గూడ లేవట."