కోటమ్మ పెట్టిన కాపడం

నరసరావుపేటలో ఫిజియోథెరపీ గదిలో బోర్లా పడుకుని, నడుము మీది వేడి సంచి రబ్బరు వాసన పీలుస్తుంటే, కారంపూడిలో మా నాయనమ్మ మంచం దగ్గర ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకుల వాసన గుర్తొచ్చింది.

కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి, ఆ ఘాటుకు ఊరంతా తుమ్ముతూ ఉండే ఎండాకాలంలో, మేం ఆడపిల్లలం వసారాలో గచ్చకాయలు ఆడుకుంటుంటే, ఏళ్ళ తరబడి వంగి మిరప కోసి నడుం పోగొట్టుకున్న నాయనమ్మ నులక మంచం మీద మూలుగుతుండేది. గంజి చల్లారిందని అమ్మనూ, నవ్వామని మమ్మల్నీ, తన చావు చూడటానికొచ్చారని పలకరించబోయినవాళ్ళనూ తిట్టి, అందరినీ దూరం చేసుకుంది. మానకుండా వచ్చేది ఎదురింటి కోటమ్మ ఒక్కతే. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, ఆమె మోకాళ్ళూ వాచే ఉండేవి. అయినా మధ్యాహ్నం గోడ పట్టుకుని వచ్చి, నాయనమ్మ నడుముకు కాపడం పెడుతూ, ఎవరి గేదె ఈనిందో, ఎవరి కోడలు అలిగిందో చెప్పేది. ఆ కబుర్లలో మూలుగు ఆగిపోయేది. ఒక్కోసారి నాయనమ్మ నవ్వేది కూడా.

ఒకనాడు ఆకు కాస్త ఎక్కువ కాలింది.

"చంపుతావా ఏందే! నీ ఇంట్లో పలకరించే దిక్కు లేకే గదా రోజూ నా కొంపకొచ్చి పడతావు!" అంది నాయనమ్మ, నలుగురి ముందు.

"అంతేలే వదినా," అని కోటమ్మ చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

అమ్మ కాపడం పెట్టబోతే నాయనమ్మ ఆకులు విసిరికొట్టింది. మాత్రలు మత్తుగా పడుకోబెట్టేవే గాని నొప్పి తగ్గలేదు. "పోయి పిలుచుకొస్తా అత్తయ్యా," అని అమ్మ అంటే, "దాని కాళ్ళు నేను పట్టుకోవాలా?" అని మండిపడేది. కాని వీధిలో చెప్పుల చప్పుడైతే చాలు, తలెత్తి గుమ్మం వైపు చూసేది.

వానలు పడ్డాక కోటమ్మ జ్వరమొచ్చి పోయింది. డప్పు వినపడగానే నాయనమ్మ లేవబోయి మంచం పట్టె మీద కూలబడింది. నాన్నా బాబాయీ కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళారు. ఆమె కోటమ్మ మోకాళ్ళ మీద చెయ్యి వేసి, నిమురుతూ చాలాసేపు కూర్చుంది.

"నీకూ నొప్పే గదటే. ఒక్కనాడన్నా అడిగానా?"

ఆ తర్వాత ఆమె ఆ నొప్పితోనే చాలా ఏళ్ళు బతికింది. తిట్టడం మానేసింది. అప్పటికి తిట్లు పడటానికైనా వచ్చేవాళ్ళు లేరు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వీధిలో అరుగులన్నీ కొట్టేశారు. ఇప్పుడు ఇంటింటికీ ఇనుప గేటే. మొన్న అటు వెళ్తుంటే ఒక గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలామె మోకాలు రుద్దుకుంటూ కనిపించింది. ఎవరి మనవరాలినో చెప్పబోయాను.

"ఎవరైతే ఏందిలే అమ్మా. రా, కాసేపు కూర్చో."

గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను. అక్కడ రెండో కుర్చీ లేదు.