పొయ్యొస్తా సార్

తిరుత్తణి మోనిషాకు కోపం ముక్కు మీద ఉంటుందంటే ముక్కుకే అవమానం. అది ఒళ్ళంతా ఉంటుంది. రైల్లో కిటికీ సీటు దొరక్కపోతే కోపం. సాంబారులో ఉప్పు తగ్గితే కోపం. ఆడపిల్లకు మెకానికల్ ఎందుకన్న లెక్చరర్ మీదైతే ఇప్పటికీ ఆరని కోపం.

అలాంటి పిల్ల తిరువళ్ళూరు పక్కన ఒక పంపుల ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరు. పర్మనెంటు కావాలంటే ఇంకొక్క గండం దాటాలి. మేనేజర్ల ముందు నిలబడి, తాను చేసిన పనిని ఇంగ్లీషులో చెప్పాలి. తప్పితే ఇంటికే. అందుకు తర్ఫీదు ఇవ్వడానికి మద్రాసు నుంచి ముకేశ్ సార్ వచ్చేవాడు. నవ్వు ఎంత వెడల్పుండాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నేర్పేవాడు. పంపు గురించి ఒక్క ముక్క అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు మోనిషా తడబడుతూనే అయినా అంతా చెప్పింది. పంపు సీలు దగ్గర నీళ్ళు ఎందుకు కారుతున్నాయో, ఏం మారిస్తే ఆగాయో వివరించింది. చివర్న వినయంగా, "ఐ విల్ గో అండ్ కమ్ సర్" అంది.

గది గొల్లుమంది. ముకేశ్ సార్ ఆ మాటను ఆమె గొంతుతోనే అని చూపించాడు. పెద్ద మేనేజరు శేషాద్రి కూడా నవ్వాడు. ఆ నవ్వుల్లో ప్రశ్నలు అడగడమే మరిచిపోయి, ఇక వెళ్ళమన్నారు.

గేటు దాకా నడిచేసరికి మోనిషా చెవులు కాలిపోతున్నాయి. గడప దగ్గర ఎవరైనా 'పోతా' అంటే వాళ్ళవ్వ గోవిందమ్మ నెత్తిన మొట్టేది. పొయ్యేది పీనుగ, మనిషైతే పొయ్యొస్తాడు అనేది. ఉత్తరాది ముకేశ్ సార్‌కు అది తెలియదు, సరే. పళ్ళిపట్టు తెలుగింట్లో పుట్టిన శేషాద్రికి ఏమొచ్చింది?

వస్తానని చెప్పింది కదా. వెనక్కి తిరిగింది. తలుపు నెట్టింది.

"పొయ్యొస్తానని చెప్తినే సార్, వచ్చినా," అంది శేషాద్రితో, తెలుగులోనే. "మీ ఇంట్లో వాకిట నిలబడి ఏమని చెప్తారు మీరు? తెలిసీ నవ్వినారే. సీలు గురించి ఒక్క కేళ్వి, ఒక్క ప్రశ్న అడగలేదు. అడగండి, చెప్పేసి పోతా."

శేషాద్రి ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"పోతా అనగూడదమ్మా," అన్నాడు మెల్లగా. "కూచో."

ఆయన ఇంగ్లీషులో అడిగాడు. ఆమె ఇంగ్లీషులోనే చెప్పింది. మాట అడ్డుపడిన చోట బోర్డు మీద సీలు బొమ్మ గీసి చూపించింది. సుద్దముక్క రెండుసార్లు విరిగింది, అంత కోపం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ముకేశ్ సార్‌కే తెలియలేదు.

అంతా అయ్యాక మోనిషా లేచింది. ఈసారి ఏమీ అనలేదు. పంతంగా నిలబడింది.

"సరి, పొయ్యి రా," అన్నాడు శేషాద్రి.

"ఎప్పుడు రావాల?"

"సోమవారం. పర్మనెంటు ఆర్డరు తీసుకుందువు."

థాంక్స్ చెప్పలేదు. నవ్విన నవ్వుకు ఆర్డరు చెల్లా? సాయంత్రం రైలెక్కేసరికి కూడా ఆమె ముఖంలో కోపం అలాగే ఉంది. కిటికీ పక్కన కూచున్న పెద్దాయన ఒక్కసారి చూసి, అడక్కుండానే పక్కకు జరిగాడు.