సెగ తెలియని చేతులు

చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్ వైపు నడిచినప్పుడల్లా ఏదో ఒక హాస్టల్ మీద కొత్త అంతస్తు లేస్తూనే ఉంటుంది. తడి సిమెంటు వాసన తగలగానే నా నడక నెమ్మదిస్తుంది. అది మా నాయిన ఒంటి వాసన.

మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన తాపీమేస్త్రీ ఆయన. అశోక్ నగర్ వెనక బస్తీలో ఒక్క గది కిరాయి ఇల్లు మాది. ఎండాకాలం రేకుల కింద ఉడికిపోతూ, వానాకాలం కారే చోటల్లా గిన్నెలు పెడుతూ, బతుకమ్మ రోజుల్లో అమ్మ చేసిన నువ్వుల ముద్దలు లంగా ఒళ్లో దాచుకుని తింటూ పెరిగాను. సాయంత్రాలు నాయిన పెనం మీది జొన్నరొట్టెను ఉత్తచేత్తో తీసి నా పళ్లెంలో వేసేవాడు. అంత మొనగాడు ఇంకెక్కడా లేడని దోస్తులందరికీ చెప్పుకునేదాన్ని.

అది మొనగాడితనం కాదు, కుష్టు అని నా తొమ్మిదో ఏట తెలిసింది. మొద్దుబారిన మచ్చలకు మందులు మొదలయ్యాయి. నరాలు వాచి చేతులు సలిపితే ఆ వాపుకు వేరే మాత్రలిచ్చారు. ఆ మాత్రలు ఒంట్లో నిద్రపోతున్న క్షయను లేపగలవని మాకేం తెలుసు? దగ్గు పట్టుకుంది, పొద్దుగూకితే జ్వరం, చొక్కా భుజాల మీంచి జారిపోయేంతగా చిక్కిపోయాడు.

నారాయణగూడలో ఒక డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం.

"ఇంకేమన్న మందులు వాడుతున్నవా?" అని ఆయన నాయినను అడిగాడు.

"ఏం లేవు సార్," అంది అమ్మ. కుష్టు సంగతి గల్లీలో తెలిస్తే గది ఖాళీ చేయిస్తారని ఆమె భయం.

"మచ్చలకు గోలీలు ఏసుకుంటడు సార్," అనేశాను నేను.

డాక్టరు రాయడం ఆపాడు. "మంచిగ చెప్పినవ్ బిడ్డా. రెండు బీమారీలల్ల ఒక మందు ఒక్కటే. ఆ మచ్చలకు నెలకోసారి, ఈ క్షయకు రోజూ. తెల్వకుంట ఇస్తే శాన పరేషాన్ అయితుండె."

మందులు సరిచేశారు, నాయిన బతికాడు. కానీ క్షయ మందు వాపు మాత్రల బలాన్ని తగ్గించేస్తుందట. మోతాదు కుదిరేలోపే నరాలు దెబ్బతిని వేళ్లు లోపలికి ముడుచుకుపోయాయి. తాపీ మళ్లీ పట్టలేదు.

ఆ రోజు డాక్టరు దగ్గర మా వెనక వరుసలో నిలబడ్డ మా గల్లీ ఆమె ఒకతె నా మాట వింది. వారం తిరక్కుండానే ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. రాంనగర్‌కు సామాన్లు మోస్తున్నంతసేపూ అమ్మ నాతో మాట్లాడలేదు.

"బిడ్డనేమనకు," అన్నాడు నాయిన. "అది చెప్పకుంటే నేను పోతుంటి."

"నేనేమంటున్న? అలిసిన, గంతే," అంది అమ్మ.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు ఆమె ఒక్కతే కూలికి పోయింది. ఇప్పుడు ఆ బస్తీ లేదు, ఆ ఓనరు లేడు, నాయినా లేడు. మేం ఎవరికి భయపడి దాచామో వాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. అయినా అమ్మ ఆ జబ్బుల పేర్లు ఈనాటికీ పలకదు, "అప్పటి బీమారి" అంటుంది. నేను కూడా అలాగే అంటాను.