అమ్మ చంకలో బిళ్ల

అమ్మకు తల దువ్వుతుంటే బయటపడింది ఆ బిళ్ల.

ఎడమ చెయ్యి పైకి లేవక, జడ సగంలో వదిలేసి దువ్వెన నా ఒళ్లో పడేసింది. "జర నువ్వే దువ్వు బిడ్డా, చెయ్యి గుంజుతున్నది" అంది. ఎక్కడ గుంజుతోందో చూద్దామని చంకలో వేళ్లు పెట్టాను. రేగుపండంత ఏదో తగిలి పక్కకు జరిగింది. దాని పక్కనే ఇంకొకటి.

"ఇదెప్పటి సంది?"

"ఏది?"

"ఇదేనే, చంకల!"

"ఏమో, నాకేం ఎరుక. బిళ్ల కట్టింది. రెండొద్దులైతే అదే పోతది."

మా చిన్నమ్మ కూడా అచ్చం ఇదే మాట అనేది. అమ్మకు సొంత చెల్లెలు. ఆమెకూ చంకలో గడ్డే ముందు కనిపించింది. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. చెప్పేనాటికి రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకింది. ఆమెను మట్టిలో పెట్టి వచ్చిన రోజు అమ్మ గోడకు తల బాదుకోవడం నేను చూశాను. ఇప్పుడు అమ్మకు కూడానా? దువ్వెన ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు, ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను.

అప్పటికి కరోనా ఇంకా పూర్తిగా పోలేదు. సూర్యాపేటలో మాది కిరాయి ఇల్లు. నా పాప ఇంకా మెడ నిలపలేదు. పాపను చూసుకోవడానికని మునగాల దగ్గరి మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. వచ్చిన రోజే నేను గొడవ పెట్టుకున్నాను. "సూది ఏసుకోకుండ పసిపిల్ల కాడికి ఎట్లొస్తవే? నీకేమన్న తెలివున్నదా?" అని గడపలోనే నిలబెట్టి దులిపాను. అమ్మ చేతులు సబ్బుతో కడుక్కుని, కొంగు మూతికి కట్టుకుని, పాపను ఎత్తుకుంది.

సూది వేసుకోకపోవడానికి మా ఇంట్లో ఒక కథ ఉంది. మా పెద్దనాన్న మొదటి డోసు వేయించుకున్న వారంలోనే పోయాడు. గుండెపోటు అని డాక్టర్లు ఎంత చెప్పినా మా నాయన వినలేదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. మా ఇళ్లలో గొర్రెబొచ్చు గొంగడి ముట్టి ఒట్టేస్తే ఇక అంతే, దాన్ని తప్పితే ఇల్లూ మందా రెండూ నాశనమవుతాయని నమ్ముతారు. నాయన చనిపోయిన తన అన్న గొంగడినే తెచ్చి నడింట్లో పరిచి, అందరిచేతా ఒట్టేయించాడు, ఆ సూది ఎవరూ వేసుకోకూడదని. నేను సూర్యాపేటలో ఉన్నాను కాబట్టి తప్పించుకున్నాను. అమ్మ ఆ గొంగడి ముట్టింది.

బిళ్ల సంగతి ఫోన్లో చెప్పగానే నాయన మొదటి బస్సుకే దిగాడు. ముగ్గురం కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన బిళ్లను నొక్కి చూసి, "ఈ మధ్య టీకా ఏమన్నా వేసుకున్నారా అమ్మా?" అని అడిగాడు.

"లేదు సారూ" అంది అమ్మ.

"మా ఇంట్ల ఎవ్వలం ఏసుకోలే" అన్నాడు నాయన, పతకం గెలిచినట్టు.

డాక్టరు ముఖం కొంచెం మారింది. చిన్నమ్మ సంగతి విన్నాక ఇంకా మారింది. వెంటనే స్కానింగ్ తీయించమన్నాడు. అక్కడా పేచీయే. "మొగోళ్ల ముందట రైక ఇప్పనంటే ఇప్ప" అని అమ్మ భీష్మించుకు కూర్చుంది. ప్రాణం మీదికి వచ్చినా ఈ పట్టుదల ఒకటి! మిర్యాలగూడలో స్కానింగ్ తీసే ఆడ డాక్టరు ఉందని ఎవరో చెబితే, పాపను నా భర్తకు అప్పజెప్పి బస్సెక్కాం.

కోతల కాలం. మిర్యాలగూడ ఇంకా రాకముందే మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. బస్సు కదలదు. నేను సీట్లోంచి లేచి డ్రైవరు దగ్గరికి వెళ్తాను, తిట్టి వస్తాను, మళ్లీ లేస్తాను. "కూసోరాదే, నీ తిరుగుడుకు నాకే కండ్లు తిరుగుతున్నయ్" అంది అమ్మ. చావు ముంచుకొస్తోందని నేను కొట్టుకుంటుంటే ఈమెకు నా తిరుగుడు కనిపిస్తోంది! ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.

స్కానింగ్ గదిలోకి అమ్మతో నన్ను ఒక్కదాన్నే రానిచ్చారు. నాయన బయట బెంచీ మీద ఆగిపోయాడు. డాక్టరమ్మ అమ్మ చెయ్యి తల మీదికి పెట్టించి, చంకలో చల్లని జెల్ పూసి, యంత్రం మూతిని మెల్లగా జరుపుతూ తెర వైపు చూస్తోంది. నల్లగా, గుండ్రంగా మచ్చలు కనిపించాయి. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. రొమ్మంతా చూసింది. కుడి చంకా చూసింది. మళ్లీ ఎడమ వైపుకే వచ్చింది.

"రొమ్ములో ఏమీ లేదు. చంకలో గ్రంథులు వాచాయి. వాటి ఆకారం చెడలేదు, మధ్యలో తెల్లగా కొవ్వు కూడా ఉండాల్సినట్టే ఉంది. టీకా తర్వాత ఇలా వాస్తాయి. నిజంగా వేసుకోలేదా అమ్మా?"

"లేదు."

"మరి చేతికి పుండు గానీ దెబ్బ గానీ?"

"లేదు."

"అయితే మీ చెల్లెలి సంగతి కూడా ఉంది కాబట్టి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపడం మంచిది."

అమ్మ పైకప్పు వైపు చూస్తూ, "ఎన్ని సూదులన్న గుచ్చుండ్రి. నాకు గిట్ల కావాల్సిందే" అంది.

"ఏం మాటలే అవి?" అన్నాను.

అంతే, అమ్మ కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "ఒట్టు తప్పిన బిడ్డా. నీ కాడికి రావాలని కోదాడకు పోయి ఏసుకున్న. మనూర్ల అయితే మీ నాయనకు తెలుస్తదని గాడికి పోయిన. పసిపిల్లకు నా నుంచి ఏమన్న అయితే నేను బతుకుతనా? ఇగ సూడు, ఏ చేతికి ఏసుకున్ననో ఆ చెయ్యి కిందనే గడ్డ లేసింది."

"నాకన్న చెప్పొద్దానే!"

"నీ నోట్ల నువ్వుగింజ నానదు. మీ నాయనతోని కొట్లాడినప్పుడు కక్కవా?"

కక్కేదాన్నే. గడపలో నిలబెట్టి నేను దులుపుతుంటే, ఆ సూది నొప్పి చేతిలో పెట్టుకునే నిలబడిందన్నమాట.

డాక్టరమ్మ జెల్ తుడుస్తూ నవ్వింది. "ఆ సూదికే వాచాయి అమ్మా. ఒట్టుకు కాదు. టీకాను చూసి ఒళ్లు తన పని తాను చేస్తోంది. ముక్క తీయడం ఇప్పుడొద్దు. కొన్ని వారాలాగి మళ్లీ రండి, తగ్గకపోతే అప్పుడు చూద్దాం." ఆమె చెప్పినట్టే తగ్గాయి, రెండోసారి స్కానింగులో కూడా అదే తేలింది. కానీ అప్పటిదాకా నేను రోజూ అమ్మ చంక తడుముతూనే ఉన్నాను, ఆమె నా చెయ్యి విదిలించి కొడుతూనే ఉంది.

ఆ రోజు గది దాటే ముందు అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "మీ నాయనకు చెప్పకు, నీ కాల్మొక్కుత."

బయట నాయన లేచి నిలబడ్డాడు. మేం నోరు విప్పకముందే ఆయనే మొదలుపెట్టాడు. "ఏదన్న కానీయ్, హైదరాబాద్ తీస్కపోదాం. మందను అమ్ముతనని బేరగానికి ఫోన్ల చెప్పిన. రేపు వచ్చి తోలుకపోతరు."

"మొత్తమా?" అంది అమ్మ.

"మొత్తం."

నేను నాలుక కొరుక్కుని నిలబడ్డాను. అమ్మ ఆయన ముఖం వైపు చూడలేక నేల చూసింది. "మందను అమ్మకు. నాకేం రోగం లేదు. నేను సూది ఏసుకున్న. దానికే బిళ్ల కట్టిందట. గొంగడి ముట్టి ఒట్టు తప్పిన."

నాయన అరుస్తాడని నేను ఆయనకూ అమ్మకూ మధ్యకు జరిగాను.

"క్యాన్సర్ కాదా?" అన్నాడు.

"కాదట నాయినా, డాక్టరమ్మ చెప్పింది" అన్నాను.

"ఒట్టు పెట్టించినోన్ని నేను. ఏమన్న అయ్యేదుంటే నాకే కానీ" అన్నాడు. జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, చెవికి పెట్టుకున్నాడు.

"అన్నా, గొర్లను అమ్ముతలేను. రేపు రాకు. మా ఇంటామె బతికింది" అన్నాడు. ఆ మాట అంటూనే, అంతమంది మధ్య గోడకు ఆనుకుని బావురుమన్నాడు.